పదేళ్లు, నాలుగు ఆల్బమ్‌లు, తెగని గొడవ

ముందే చెప్తున్నా, ఇది చదివాక మీలో కొందరు నాతో గొడవకి వస్తారు. రండి. క్యాంటీన్‌లో కుడివైపు చివరి బల్ల దగ్గరే ఉంటా. ఈ గొడవ పుట్టింది కూడా అక్కడే.

ప్రోగ్రెసివ్ మెటల్ అనే మాటే విననివాళ్ల కోసం రెండు ముక్కలు. హెవీ మెటల్‌లో ఉండే గిటార్ల బరువు తీసుకుని, దానిమీద 1970ల నాటి ప్రోగ్రెసివ్ రాక్ వాళ్ల పొడవాటి పాటలు, మధ్యలో మారిపోయే తాళాలు, ఆల్బమ్ అంతా సాగే కథలు పెడితే వచ్చేది ఇది. పాట పది నిమిషాలు ఉంటుంది. పల్లవి ఎప్పుడు తిరిగొస్తుందో తెలీదు. ఒక్కోసారి రాదు. హాస్టల్ గదిలో స్పీకర్లో పెడితే పక్క గదివాడు తలుపు కొడతాడు. అంతే, ఇంతకంటే ఉపోద్ఘాతం అక్కర్లేదు.

2023 అక్టోబరు చివర్లో ఒక వార్త వచ్చింది. డ్రీమ్ థియేటర్ డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నాయ్ పదమూడేళ్ల తర్వాత మళ్లీ ఆ బ్యాండ్‌లోకి వస్తున్నాడని. ఆ రోజు మా సీనియర్ ఒకన్న క్యాంటీన్‌లో అందరికీ టీ పోయించాడు. ఊరు కర్నూలు కాబట్టి మాకు కర్నూలన్న. టీ తాగుతూ ఒక ప్రశ్న వేశాడు. "1992 నుంచి 2002 దాకా ఈ పదేళ్లలో వచ్చిన ప్రోగ్ ఆల్బమ్‌లలో గొప్పది ఏది?"

గమనించారా? 1992 అంటే డ్రీమ్ థియేటర్ 'ఇమేజెస్ అండ్ వర్డ్స్' వచ్చిన ఏడు. పందెం ఆయనదే, గీసిన బరీ ఆయనదే. నంద్యాల నుంచి రోజూ బస్సులో వచ్చే మా క్లాసమ్మాయి వెంటనే పట్టేసింది. "అన్నా, 1988 నుంచి మొదలుపెట్టి ఉంటే క్వీన్స్‌రైక్ వాళ్ల 'ఆపరేషన్ మైండ్‌క్రైమ్' కూడా లెక్కలోకి వచ్చేది. కావాలనే వదిలేశావు కదా?" కర్నూలన్న టీ గ్లాసు కిందపెట్టి, "అది వేరే లెక్క" అన్నాడు. ఏం లెక్కో ఇప్పటికీ చెప్పలేదు.

చివరికి నాలుగు మిగిలాయి. కర్నూలన్నకి డ్రీమ్ థియేటర్‌వే రెండు: 1992 నాటి 'ఇమేజెస్ అండ్ వర్డ్స్', 1999 నాటి 'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ'. మెకానికల్‌లో ఉన్న ఆళ్లగడ్డోడికి ఒపెత్ వాళ్ల 'బ్లాక్‌వాటర్ పార్క్'. నంద్యాలమ్మాయికి టూల్ వాళ్ల 'లాటరాలస్'. ఈ రెండూ 2001లోనే వచ్చాయి. పెయిన్ ఆఫ్ సాల్వేషన్, సింఫనీ ఎక్స్, ఫేట్స్ వార్నింగ్, అన్నీ లేచాయి, అన్నీ పడ్డాయి. నేను మాత్రం ఆ రోజు ఏమీ మాట్లాడలేదు.

ఎందుకంటే నేను మాట్లాడేవాణ్ణి కాదు. నాది పాణ్యమే. వీళ్లంతా నా ఊరికి చదువుకోవడానికొచ్చారు, నేనేమో నా ఊళ్లోనే కొత్తవాడిలా కూర్చునేవాణ్ణి. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం. మొదటి ఏడాది రెండు సెమిస్టర్లలో క్లాసులో నేను నోరు తెరిచింది అటెండెన్స్ చెప్పడానికే. జవాబు తెలిసినా, దాన్ని ఇంగ్లీషులోకి సర్దుకునేలోపు వేరేవాడు చెప్పేసేవాడు. ఈ సంగీతం దగ్గరికి నేను వచ్చింది కూడా ఒక విధంగా అందుకే. ఇంటర్లో ఎవడో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పాటల్లో టూల్ వాళ్లవి ఉన్నాయి. అప్పటికి వాళ్ల పాటలు యాప్‌లలోకి వచ్చి ఎన్నాళ్లో కాలేదు, 2019 ఆగస్టు దాకా వాళ్లు ఒప్పుకోలేదు కదా. పదకొండు నిమిషాల పాటలో ఏడెనిమిది నిమిషాలు మాటలే ఉండవు. నన్ను ఎవడూ ఏమీ అడగడు. హాయిగా అనిపించింది.

వారం తర్వాత, బల్ల దగ్గర రెండో రోజో మూడో రోజో, నేను మెల్లగా అన్నా. "నాకైతే లాటరాలస్." కర్నూలన్న నావైపు తిరిగాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. "లిరిక్స్ అర్థమవుతాయా నీకు? అర్థం కాకుండా ఆల్బమ్ గొప్పదని ఎట్లా చెప్తావు?"

మంచి ప్రశ్నే. కానీ దాని వెనక ఇంకో ప్రశ్న ఉంది. ఈ బల్ల దగ్గర కూర్చుని తీర్పు చెప్పడానికి ఎవడికి అర్హత ఉంది అనేది. ప్లేస్‌మెంట్ల గ్రూప్ డిస్కషన్‌లో నాలాంటివాడు చివరి కుర్చీలో కూర్చుని తలాడించేది ఈ ప్రశ్నకి భయపడే. ఇక్కడ గొడవ జరిగేది తెలుగులోనే కదా అనుకుని వచ్చినవాణ్ణి. ఇక్కడా అదే గేటు.

నేను చెప్పిన జవాబు నోటితో కాదు. దానికి ముందు మా తాత గురించి చెప్పాలి.

మా తాత చెక్కభజన గురువు. చూడనివాళ్లకి: చేతుల్లో గజ్జెలు కట్టిన చెక్కలు, కాళ్లకి గజ్జెలు, పదిహేను ఇరవై మంది గుండ్రంగా నిలబడి రాముడి పాటలకి అడుగులు వేస్తారు. రాత్రి పూట రామాలయం ముందు సాధన. నాకు ఏడేళ్లప్పుడు ఆ గుండ్రంలోకి తోశాడు. తాతకి ఆది తాళం, మిశ్రచాపు లాంటి పేర్లు పట్టవు. ఎనిమిది లెక్కని 'నిండడుగు' అనేవాడు, తకిట తకధిమి అని ఏడు పడితే 'కుంటడుగు'. "లెక్క తలకాయలో పెట్టుకోవద్దురా, మడమలో పెట్టుకో" అని కర్రతో మడమ మీద తట్టేవాడు. ఆ దెబ్బ ఇప్పటికీ గుర్తే.

లాటరాలస్ ఆల్బమ్‌లో అదే పేరుతో ఒక పాట ఉంది. దాని ప్రధాన వరస తొమ్మిది, ఎనిమిది, ఏడు. అంటే ఒక చుట్టు తొమ్మిది దెబ్బలు, తర్వాతది ఎనిమిది, ఆ తర్వాతది ఏడు, మళ్లీ తొమ్మిది. మొదటిసారి వింటే ఎవడో మెట్ల మీద జారుతున్నట్టు ఉంటుంది. కర్నూలన్న, మిగతావాళ్లు దాన్ని 'ఆడ్ టైమ్ సిగ్నేచర్' అని వదిలేసేవాళ్లు. ఆ రోజు నేను ఆళ్లగడ్డోడిని బల్ల మీద ఊరికే ఎనిమిది ఎనిమిదిగా తట్టమన్నా. ఆపొద్దు, మార్చొద్దు అన్నా. నేను లేచి నిలబడి తొమ్మిది, ఎనిమిది, ఏడు వేశా. మొదటి చుట్టు నేను వాడికంటే ఒక దెబ్బ వెనకపడ్డా. రెండో చుట్టూ అంతే వెనక. మూడో చుట్టు ఏడే కాబట్టి ఆ ఒక్కటీ కలిసొచ్చి, ఇద్దరం ఒకేసారి నేలమీద పడ్డాం. తొమ్మిది, ఎనిమిది, ఏడు కలిపితే 24. మూడు ఎనిమిదులూ 24. కుంటుతున్నట్టు కనపడుతుంది కానీ, మూడు చుట్లకోసారి తప్పకుండా నిండడుగు మీదికే వస్తుంది. చెక్కభజనలో సగం మంది ఒక అడుగు, సగం మంది ఇంకో అడుగు వేసి చివర్లో కలిసినట్టే.

క్యాంటీన్‌లో మిగతా బల్లలవాళ్లు నవ్వారు. నవ్వనీ. కర్నూలన్న నవ్వలేదు. "మళ్లీ వెయ్" అన్నాడు. ఫోన్ తీసి నా కాళ్లు మాత్రమే వీడియో తీశాడు.

ఇంతటితో ఆయన ఓడిపోయాడని అనుకుంటే పొరపాటు. ఓటు మార్చలేదు. ఆయన వాదనలో బలం ఉంది కూడా, 'సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ' అనేది డెబ్బై ఏడు నిమిషాల కథ. మాటలు వదిలేసి వింటే సగం పోతుంది. అందుకని ఆ సంక్రాంతి సెలవుల్లో ఫోన్లో డిక్షనరీ తెరుచుకుని ఆల్బమ్ మొత్తం చదివా. నికొలస్ అనేవాడు హిప్నాసిస్‌లో తన గత జన్మకి పోతాడు. ఆ జన్మలో తను విక్టోరియా అనే అమ్మాయి, 1928లో హత్యకి గురైంది. ఎవరు చంపారు అనేది మిగతా కథ. నేను ఇదంతా వంటింట్లో అవ్వకి చెప్తుంటే, ఆమె అరిసెల పిండి నుంచి చెయ్యి తీయకుండానే, "ఇది మూగమనసులు కత కాదా రా? సంపుడొక్కటే ఎక్కువైంది" అంది. 1964 సినిమా అది. పునర్జన్మ కథ మనకి మగధీర దాకా మామూలే. అమెరికాలో సంగీతం కాలేజీ నుంచి వచ్చినవాళ్లు అదే కథని ఎంచుకుని, చివర్లో ఒక గరగర శబ్దంతో తెగ్గొట్టి, 2002లో తర్వాతి ఆల్బమ్‌ని మళ్లీ ఆ గరగరతోనే మొదలుపెట్టారు. మాటలు తెలిశాక నాకు ఆ ఆల్బమ్ పెద్దదైంది. కాదనను.

కానీ నా అభ్యంతరం ఒకటి అట్లాగే ఉంది. అది తాత దగ్గర నేర్చుకున్నదే. తాతకి పద్యనాటకాల పిచ్చి. తిరునాళ్లలో రాత్రంతా కూర్చుని చూసేవాడు, పొద్దున తిడుతూ వచ్చేవాడు. శ్రీకృష్ణ రాయబారంలో పద్యం అర నిమిషం, రాగం ఐదు నిమిషాలు అని ఆయన బాధ. "రాగంలో పద్యం కనపడాల. మునిగిపోకూడదు." జాన్ పెట్రూచి గిటార్, జోర్డన్ రూడెస్ కీబోర్డు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయేటప్పుడు నాకు తాత మాట గుర్తొస్తుంది. చేతులు గొప్పవే. పద్యం ఎక్కడ? ఇది చెప్తే కర్నూలన్న ఒక్క ముక్కలో కొట్టాడు. "మీ తాత లాంటోళ్లు తిట్టుకున్నా, జనం వన్స్‌మోర్ కొట్టేది ఆ రాగానికే కదా?" దీనికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.

ఇక ఆళ్లగడ్డోడు. వాళ్ల నాన్న శిల్పి. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క షెడ్లలో రాయి చెక్కేవాళ్లని మీరు చూసే ఉంటారు, దేవుడి విగ్రహాలు అక్కణ్ణుంచి చాలా దూరం పోతాయి. వీడు సుత్తి చప్పుడులో పెరిగాడు. ఒపెత్ స్వీడన్ బ్యాండ్. పాడేది మికాయెల్ ఓకర్‌ఫెల్ట్. ఒకే పాటలో ఒక చోట గొంతు చించుకుని గర్జిస్తాడు, ఇంకో చోట జోలపాట పాడినంత మెత్తగా పాడతాడు. నంద్యాలమ్మాయికి ఆ గర్జన పడదు. "పూనకం వచ్చినట్టుంది" అంటుంది. దానికి మావాడి సమాధానం నాకు ఈ గొడవ మొత్తంలో నచ్చిన మాట. "ఎగువ అహోబిలంలో ఉండేది ఉగ్రుడు. దిగువ అహోబిలంలో ప్రహ్లాదుడికి వరమిచ్చి లచ్చిమమ్మతో కూర్చున్నోడు. ఇద్దరూ ఒకే సామి కాదా? గొంతు మారితే మనిషి మారినట్టా?"

బ్లాక్‌వాటర్ పార్క్‌ని పోర్క్యుపైన్ ట్రీ స్టీవెన్ విల్సన్ దగ్గరుండి రికార్డు చేయించాడు. ఒపెత్‌తో అతనికి అదే మొదటిది. ఆ రెండు గొంతుల మధ్య గోడ పలచబడింది అక్కడే అని మావాడి వాదన. ఇంకో సంగతి, ఇది మన ఫెస్ట్ కమిటీ చదవాలి: 2009లో ఒపెత్ మద్రాసు ఐఐటీ సారంగ్‌కి వచ్చి వాయించింది. అదే ఏడాది చివర్లో పోర్క్యుపైన్ ట్రీ బొంబాయి ఐఐటీ మూడ్ ఇండిగోలో. ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్ట్‌లకే వచ్చారప్పా వీళ్లు! మన దగ్గర డీజే. ఐఐటీ డబ్బులు మనకి లేవు, ఒప్పుకుంటా. హైదరాబాద్‌లోనే 2015లో మొదలైన గాడ్‌లెస్ ఉంది. వాళ్లది డెత్ మెటల్, మన లెక్కలోకి రాదు, అయినా పిలిస్తే నేను మొదటి వరసలో ఉంటా.

నంద్యాలమ్మాయిది, నాది ఒకే ఓటు. అయినా మాకే ఎక్కువ గొడవ. ఆమె లాటరాలస్‌ని గొప్పదనేది ఫిబొనాచ్చి వల్ల. ఆ పాట మొదటి చరణంలో ఒక్కో ముక్కలో ఎన్ని అక్షరాలు పలుకుతాడో లెక్కపెడితే 1, 1, 2, 3, 5, 8, మళ్లీ 5, 3. ఇంజనీరింగ్ వాళ్లకి ఇది చాలు, చొక్కాలు చించుకుంటారు. ఇంకా 9, 8, 7 పక్కపక్కన పెడితే 987, అది ఆ వరసలో పదహారో సంఖ్య. నిజమే, నేనూ కూడి చూశా.

ఒక రోజు నేను ఆమె నోట్సు వెనక లఘువులు గురువులు రాశా. పదో తరగతి తెలుగు సార్ పుణ్యం. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. మూడు మాత్రలు ఎన్ని రకాలుగా నింపొచ్చు? మూడు లఘువులు, లేదా గురువు లఘువు, లేదా లఘువు గురువు. మూడు. నాలుగు మాత్రలైతే అయిదు. అయిదైతే ఎనిమిది. ఆమె నాలుగో దాని దగ్గరే పెన్ను లాక్కుంది. "ఇది క్లైంబింగ్ స్టెయిర్స్ ప్రాబ్లమ్ కదా!" ఒకేసారి ఒక మెట్టో రెండు మెట్లో ఎక్కుతూ పైకి ఎన్ని రకాలుగా పోవచ్చు, కోడింగ్ టెస్టుల్లో అందరం రాసిందే. చివరి అడుగు లఘువైతే ముందున్నవి ఒకటి తక్కువ మాత్రలు, గురువైతే రెండు తక్కువ, ఆ రెండు లెక్కలు కూడితే అయిపోయింది. ఛందస్సు చదివిన విరహాంకుడు ఈ వరస ఫిబొనాచ్చి కంటే కొన్ని శతాబ్దాల ముందే చెప్పాడు. 12వ శతాబ్దంలో హేమచంద్రుడూ చెప్పాడు. ఫిబొనాచ్చి పుస్తకం 1202లో వచ్చింది.

దయచేసి దీన్ని 'అన్నీ మనవాళ్లే ముందు కనిపెట్టారు' అని వాట్సాప్‌లో తిప్పకండి. టూల్ వాళ్లు మన ఛందస్సు చూసి రాయలేదు. వాళ్ల డ్రమ్మర్ డ్యానీ కెరీ అలోక్ దత్తా దగ్గర తబలా నేర్చుకున్న మాట వాస్తవం, అది వేరు సంగతి. నేను అమ్మాయికి చెప్పిందల్లా ఇంతే: మాత్రలు లెక్కపెట్టి రాసినంత మాత్రాన పద్యం గొప్పదైతే, గణాలు సరిపోయిన ప్రతి కందమూ గొప్పదే కావాలి. కాదు కదా. పాటలో ఆ అంకెలు తెలియనివాడికి కూడా ఏదో పైకి ఎక్కి, మళ్లీ దిగినట్టు అనిపిస్తుంది. అది అనిపించకపోతే అంకెలు ఎక్సెల్ షీట్‌లో ఉన్నట్టే. ఆమె వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత లైబ్రరీ ముందు ఆపి, "సరే, కానీ అంకెలు తెలిశాక ఇంకా బాగా అనిపించదా?" అంది. అనిపిస్తుంది. అదీ నిజమే.

సివిల్‌లో ఒక బనగానపల్లె వాడున్నాడు. ప్రోగ్ వినడు, అనిరుధ్ వింటాడు. ఊరికే కూర్చుని సమోసాలు తినేవాడు. ఒక రోజు జియాలజీ నోట్సు తెచ్చి బల్ల మీద పడేశాడు. మన నేల కింద రాతి పొరలకి మన ఊళ్ల పేర్లే ఉన్నాయి, మీకు తెలుసా? అట్టడుగున బనగానపల్లె క్వార్ట్‌జైట్, దానిమీద నార్జి సున్నపురాయి, ఔకు షేల్, ఆపైన పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికంటే పైన నంద్యాల షేల్. కర్నూలు గ్రూపు అంటారు మొత్తాన్ని. "మీరు ఏది ముందొచ్చింది, ఏది కష్టం అని కొట్టుకుంటున్నారు. ముందు పడింది నాదే, బనగానపల్లె. అయితే గుట్ట ఎక్కి చూడు, పైన బల్లలాగ నిలబడింది నీ ఊరి రాయి. కిందున్న షేల్ అరిగిపోతున్నా అది అరగలేదు." అని ఇంకో సమోసా తీసుకున్నాడు.

ఆ దెబ్బకి మేం కొత్త పరీక్ష పెట్టుకున్నాం. రెండు నెలల పాటు నాలుగు ఆల్బమ్‌లు వారానికొకసారి, మొదటి నుంచి చివరిదాకా, ఏ పాటా దాటేయకుండా వినాలి. ఏది విసుగొచ్చిందో నిజాయితీగా రాయాలి. నేను సాయంత్రం నాన్న కోసం సోలార్ పార్కు వైపు బండి మీద పోయేటప్పుడు ఆగి వినేవాణ్ణి. వెయ్యి మెగావాట్ల అద్దాలన్నీ పడమటికి మెరుస్తుంటే బ్లాక్‌వాటర్ పార్క్‌లో 'హార్వెస్ట్' వస్తుంది చూడండి, అందులో గర్జనే లేదు, మావాడి అహోబిలం పోలిక అప్పుడు బాగా ఎక్కింది. ఎనిమిదో వారానికి నా కాగితంలో 'ఇమేజెస్ అండ్ వర్డ్స్' దగ్గర, "స్నేర్ డ్రమ్ చప్పుడు పాతబడింది, పాటలు కాలేదు" అని ఉంది. కర్నూలన్న కాగితంలో సీన్స్ దగ్గర, "రెండు చోట్ల ఫోన్ చూశా" అని ఉంది. ఆయన చేత్తో రాసిందే. దాచుకున్నాం దాన్ని.

ఓట్లు మాత్రం మారలేదు. ఒక్క బనగానపల్లె వాడు కొత్తగా ఓటు వేశాడు, ఒపెత్‌కి. ఎందుకురా అంటే "నిద్ర పట్టింది" అన్నాడు. ఆళ్లగడ్డోడికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

ఇప్పుడు జూనియర్లు వచ్చి, 2002 దగ్గర ఎందుకు ఆపారు, హేకెన్ ఏమైంది, లెప్రస్ ఏమైంది అంటున్నారు. వాళ్ల బల్ల వాళ్లు వేసుకోవచ్చు. నేను ఈ మధ్య ఒక గ్రూప్ డిస్కషన్‌లో మూడో వాడిగా మాట్లాడా. ఇంగ్లీషు మధ్యలో ఆగింది, బల్ల మీద వేలితో ఎనిమిది తట్టుకుని మళ్లీ ఎత్తుకున్నా. సెలెక్ట్ కాలేదు. అది ఇంకో వ్యాసం.

కర్నూలన్న బెంగళూరులో ఉద్యోగంలో చేరిపోయాడు. పోయే ముందు నాకు ఒక పని అప్పజెప్పి పోయాడు. సీన్స్‌లో 'ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ' అని ఆరు నిమిషాల ముక్క ఉంది, ఒక్క మాట కూడా ఉండదు. అందులో వందకు పైగా సార్లు లెక్క మారుతుంది. "పేర్లోనే డాన్స్ ఉంది కదా. లాటరాలస్ ఈజీరా, దీనికి అడుగు వెయ్ చూద్దాం" అన్నాడు. రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీద వేస్తున్నా. కింద నుంచి అమ్మ అరుస్తుంది, మిద్దె అదురుతోందని. మధ్యలో ఒక చోట ఉన్నట్టుండి పాతకాలపు రాగ్‌టైమ్ పియానో వచ్చిపడుతుంది, అక్కడిదాకా వచ్చా. ఆ తర్వాత ఎడమ మడమ ఎక్కడ పెట్టాలో ఇంకా దొరకలేదు. ఆదివారం ఆదివారం ఆయన ఫోన్ చేస్తాడు. బాగున్నావా అని కూడా అడగడు. "పియానో దాటావా?" అంటాడు.